పోయిన వారం ప్రార్థనే మళ్ళీ

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా బస్సు కండక్టర్ని. వెనక డోర్ దగ్గర నిలబడి "ముందుకి జరగండి" అని అరిస్తే డ్రైవర్ కూడా సీట్లో ముందుకి జరుగుతాడని మా డిపోలో జోకు. మా చర్చిలో చిన్నపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే మనిషి కావాల్సొచ్చినప్పుడు పాస్టరుగారు నా ఆట చూసి పిలవలేదు, అరుపు విని పిలిచారు. స్కూల్లో నాలుగేళ్ళు ఆడానని ఆయనకి తర్వాతెప్పుడో తెలిసింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి, ప్రార్థన హాలు వెనకున్న ఖాళీ స్థలంలో ప్రాక్టీసు. ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలు ఇరవై రెండు మంది. ఆ వయసు వాళ్ళతో ఫుట్‌బాల్ అంటే ఏమిటో చూడని వాళ్ళకి చెప్పినా నమ్మరు. బంతి ఎక్కడుంటే ఇరవై రెండు మందీ అక్కడే, గోల్‌కీపర్‌తో సహా. ఒకడు ఆట మధ్యలో ఆగి వాళ్ళమ్మకి టాటా చెప్తాడు. ఒకత్తె కూర్చుని చీమల్ని చూస్తుంటుంది. ఐదు నిమిషాలకోసారి ఎవరిదో ఒకరి లేసు ఊడుతుంది. బొద్దుగా, ఎదురొచ్చిన వాళ్ళందర్నీ గుద్దుకుంటూ పోయేవాడొకడు ఉన్నాడు, వాడికి లారీ అని పేరు పెట్టా. బక్కపల్చగా ఉండి, గుచ్చినట్టు మాట్లాడే ఆరేళ్ళ పిల్ల గుండుసూది.

నాకొచ్చిన విద్యతోనే నేర్పించా. "రైట్ రైట్" అంటే బంతిని కాలితో తోసుకుంటూ పరిగెత్తాలి. "స్టాప్" అంటే బంతి మీద కాలు పెట్టి ఆపాలి. ఆపలేకపోతే, "నీకు టిక్కెట్ లేదు, దిగిపో" అంటాను. కిలకిలా నవ్వుకుంటూ వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెడతారు. కాలి కింద బంతి నిలబడటం నేర్చుకుంటే చాలు, మిగతా ఆట దానంతటదే వస్తుంది.

చర్చి పెట్టిన ఆట కాబట్టి ముందు ప్రార్థన ఉంటుంది. అందరం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాం. ఒక్కొక్కరూ ఒక్క ప్రార్థన, ఎవరి మాటల్లో వాళ్ళు. దానికి మూడు రూల్స్ పెట్టా. ఎవరూ నవ్వకూడదు. చెప్పాలని లేకపోతే "పాస్" అనొచ్చు. ఇక్కడన్నది ఇక్కడే ఉండాలి, బయటికి మోయకూడదు. ఆ మూడోది నేను కూడా పిల్లల ముందు చెయ్యెత్తి ఒప్పుకున్నా. లారీ ప్రతివారం కుక్కపిల్లని అడుగుతాడు. ఒకడు వాళ్ళ చెల్లెల్ని వాపసు తీసుకోమని దేవుణ్ణి బతిమాలాడు. నేను బుగ్గ లోపల కొరుక్కుని నిలబడ్డా గానీ నవ్వలేదు. రూలంటే రూలే.

అలాంటిది, ఆ రూలు నేనే తప్పాను. కావాలని కాదు. కానీ తప్పింది నేనే.

ఆ శనివారం ప్రాక్టీసుకి ముందు హాల్లో తల్లిదండ్రులకి నాలుగు మాటలు చెప్పమన్నారు. బూట్లు లేకపోయినా ఫరవాలేదు, మంచినీళ్ళు మాత్రం మర్చిపోవద్దు, ఇలాంటివే. నాకు మైకెందుకండీ అంటే వినరు. కాలర్‌కి చిన్న మైకు తగిలించి, దాని డబ్బా నడుముకి పెట్టారు. చెప్పడం అయ్యాక పిల్లలు నా చుట్టూ మూగారు, ఆ గోలలో దాని సంగతే మర్చిపోయా. పద్దెనిమిదేళ్ళుగా నడుముకి టిక్కెట్ల మిషను కట్టుకునే దాన్ని, ఇంకో డబ్బా వేలాడుతుంటే నాకేం తెలుస్తుంది?

వెనక స్థలంలో గుండ్రంగా నిలబడ్డాం. గుండుసూది నా పక్కనే, నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రోజు మొదటి వంతు దానిదే. కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పింది.

"దేవా, అన్నం లేటైతే మా తాతయ్య నానమ్మని గుమ్మం బయట నిలబెట్టి తలుపేస్తున్నాడు. అలా చెయ్యకుండా చూడు. నానమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆమెన్."

ఆ "ఆమెన్" హాలు కిటికీల్లోంచి ఇంకోసారి, పెద్దగా వినిపించింది. చెయ్యి నడుము మీదకి పోయింది. డబ్బా మీద చిన్న ఎర్రలైటు వెలుగుతోంది.

ఆ టైముకి హాల్లో సంఘపెద్దల కమిటీ కూర్చుంది, ఏడుగురు. వాళ్ళందరికీ పెద్ద, మేమంతా పెద్దాయన అని పిలిచే మనిషి. చర్చి తాళాలు ఆయన జేబులోనే ఉంటాయి, కుర్చీలు ఎటు తిప్పాలో కూడా ఆయనే చెప్తాడు. గుండుసూదికి ఆయన సొంత తాతయ్య.

ప్రాక్టీసు అవ్వగానే పాస్టరుగారి గదిలోకి రమ్మని కబురొచ్చింది. పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పాస్టరుగారు బల్ల మీది కాగితాలు సర్దుతున్నారు, సర్దిందే సర్దుతున్నారు.

"పిల్లలకి ఊహలెక్కువ," అన్నాడు పెద్దాయన. "దానికేదో కల వచ్చుంటుంది. వచ్చే శనివారం తల్లిదండ్రులందరి ముందూ అది అబద్ధం చెప్పానని ఒప్పుకుని క్షమాపణ అడగాలి. నువ్వే దగ్గరుండి చెప్పించు. లేదంటే ఆ స్థలానికి తాళం. ఈ ప్రార్థనలూ వద్దు, బంతులూ వద్దు."

"అబద్ధమా అండీ అది?" అన్నా.

ఆయన కళ్ళు నా మీదకి లేచాయి. తాళాల గుత్తి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

నేను పాస్టరుగారి వైపు చూశా. ఆయన నీళ్ళు నమిలారు. "చిన్నపిల్ల కదమ్మా, ఒక్క మాటే కదా. రేపటికి అదే మర్చిపోతుంది. ఇరవై రెండు మంది పిల్లల ఆట పోతుంది, ఆలోచించు."

నిజం చెప్తున్నా, ఆలోచించాను. ఏదో పెద్ద ధీరురాలిలా అక్కడికక్కడే బల్ల గుద్ది వచ్చానని కోతలు కొయ్యను. మా పేటలో పిల్లలు పరిగెత్తడానికి ఆ స్థలం తప్ప ఇంకోటి లేదు. మూడు రోజులు బస్సులో టిక్కెట్లు కొడుతూ అదే ఆలోచన. ఒక్క మాటే కదా, చెప్పించేస్తే పోలా? పిల్ల మర్చిపోతుంది. అందరూ హాయిగా ఉంటారు. ఆ తలుపు బయట నిలబడే మనిషి తప్ప, అని ఇంకో మూల నుంచి నా నోరే నాకు అడ్డం తగిలేది. రెండుసార్లు చిల్లర తప్పిచ్చి ప్రయాణికులతో తిట్లు తిన్నా.

బుధవారం సాయంత్రం గుండుసూదిని తీసుకుని వాళ్ళమ్మ నా బస్సే ఎక్కింది. పెద్దాయన కోడలు. నన్ను చూడగానే తల దించుకుంది. టిక్కెట్టు ఇస్తుంటే మెల్లగా అంది, "అక్కా, ఎలాగోలా చెప్పించెయ్యండి. మేం ఆ ఇంట్లోనే బతకాలి."

గుండుసూది కిటికీ పక్క సీట్లో కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. అడిగితే బంతి గురించి అడుగుతుందనుకున్నా.

"అత్తా, మరి నేను దేవుడికి అబద్ధం చెప్పానా? నేను చూశాను కదా. చూసినా అబద్ధమేనా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల మీద కాదు, వాళ్ళమ్మ మీద కూడా కాదు. ఒక్క మాటే కదా అని మూడు రోజులు బేరాలాడుకున్న నా మీద. ఈ పిల్ల చేత ఆ మాట అనిపిస్తే, ఇక జన్మలో కళ్ళతో చూసింది కూడా నోటితో చెప్పదు. ఆటలో బంతి ఆపడం నేర్పుతున్నానా, పిల్లల నోళ్ళు ఆపడం నేర్పుతున్నానా?

బస్సు నిండా జనం. సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నా. "కాదే తల్లీ, నువ్వు చెప్పింది నిజం. తప్పు నాది. ఇక్కడన్నది ఇక్కడే ఉంటుందని మాటిచ్చి, మైకు ఆపడం మర్చిపోయా. నన్ను క్షమించు."

"ఫరవాలేదులే," అంది పెద్దరికంగా. "నువ్వు అన్నీ మర్చిపోతావు. పోయిన వారం బంతుల సంచి కూడా మర్చిపోయావు."

వాళ్ళమ్మకి చెప్పేశా, "నేను చెప్పించనమ్మా. ఆయన తాళం వేసుకుంటే వేసుకోనీ." ఆమె దిగేటప్పుడు నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి దిగింది.

పాస్టరుగారికి ఆరోజే ఫోన్ చేసి అదే చెప్పా. "మొండిఘటానివమ్మా నువ్వు," అన్నారు. "అవునండీ," అన్నా.

శనివారం పొద్దున ఎనిమిదికి వెళ్ళేసరికి వెనక సందులోని ఇనుప గేటుకి అరచేతంత తాళం. "ప్రాక్టీసు రద్దు" అని కాగితం అంటించారు. పిల్లలు సందులో నిలబడి నా మొహం చూస్తున్నారు. తల్లులు కొందరు గుసగుసలు. ఒకావిడ, "మనకెందుకొచ్చిన గొడవ, పదరా," అని కొడుకుని లాక్కెళ్ళబోయింది. వాడు గేటు కమ్మీ పట్టుకుని వదల్లేదు.

సందు వెడల్పుగానే ఉంది. ఆ చివర మలుపు, ఈ చివర గోడ, బళ్ళు రావు. గేటు లోపల ఆ ఖాళీ స్థలం దాటితే హాలు కిటికీలు, అన్నీ బార్లా తెరిచున్నాయి. లోపల కమిటీ కూర్చున్న కుర్చీల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఎవరూ ఇంటికెళ్ళట్లేదు!" అని నా బస్సు గొంతుతో అరిచా. "నీళ్ళ సీసాలు వరసగా పెట్టండి. బంతులు గోడ పక్కకి. చేతులు పట్టుకోండి."

ఐదుగురిని తల్లులు తీసుకెళ్ళిపోయారు, అబద్ధమెందుకు. పదహారు మంది మిగిలారు. గుండుసూది ఇంకా రాలేదు. పంపరులే అనుకున్నా. లారీ కుక్కపిల్లతో మొదలెట్టబోతుండగా, "అత్తా, ఆగు!" అని సందు మలుపులోంచి వినిపించింది.

గుండుసూది పరిగెత్తుకొస్తోంది. దాని వెనక, ఒక చేత్తో గోడ పట్టుకుంటూ, వాళ్ళ నానమ్మ. ఆమెని ఐదేళ్ళుగా చర్చిలో చివరి బెంచీ మీద చూస్తున్నా. "బాగున్నావామ్మా" తప్ప ఇంకో మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

"నేను కూడా నిలబడొచ్చా?" అంది ఆయాసపడుతూ.

"రండి పెద్దమ్మగారూ," అన్నా. లారీ జరిగి చోటిచ్చి, చెమట చెయ్యి చొక్కాకి తుడుచుకుని మరీ ఆమెకి అందించాడు.

ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. కుక్కపిల్ల, చెల్లెలు, ఊగుతున్న పన్ను. గుండుసూది వంతొచ్చింది. కిటికీల వైపు చూసింది.

"పాస్ అనొచ్చమ్మా," అన్నా.

అది తల అడ్డంగా ఊపింది. కళ్ళు మూసుకుంది. "దేవా, పోయిన వారం చెప్పిందే మళ్ళీ. ఆమెన్."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపొచ్చింది, వచ్చిందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

తర్వాత వంతు నానమ్మది. పాస్ అంటుందేమో అనుకున్నా. ఆమె మాత్రం నడుము నిటారు చేసుకుంది. కిటికీ లోపలికి వినబడాలనే గొంతు పెంచింది. వణుకుతూనే పెంచింది.

"దేవా, నా మనవరాలు చెప్పింది నిజం. ఈ నలభై ఏళ్ళలో నాలుగుసార్లో ఐదుసార్లో కాదు. వానలో కూడా నిలబడ్డా. ఎవరికీ చెప్పుకోలేదు, పరువు పోతుందని. ఆరేళ్ళ పిల్ల నా బదులు నీకు చెప్పింది. దాని నోరు చల్లగా ఉండాలి. ఆమెన్."

"ఆమెన్," అన్నారు పదిహేడు మంది పిల్లలూ. వాళ్ళతో పాటు, గోడ పక్కన నిలబడ్డ తల్లులు కూడా అన్నారు. హాల్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది.

తలుపు దబ్బుమని తెరుచుకుంది. పెద్దాయన ఆ స్థలం అడ్డంగా దాటి గేటు దగ్గరికి వచ్చాడు, చేతిలో తాళాల గుత్తి. మొహం కందగడ్డలా ఉంది. వెనక కిటికీల దగ్గర మిగతా ఆరుగురూ, వాళ్ళ పక్కన పాస్టరుగారూ.

"ఏమే, నలుగుర్లో ఏమిటీ వేషాలు?" అంటూ తాళం తీసి, గేటు సగం తెరిచాడు. "లోపలికి రా ముందు."

ఆమె కదల్లేదు. ఒక చేతిలో మనవరాలి చెయ్యి, ఒక చేతిలో లారీ చెయ్యి.

"రానండీ," అంది. "బయట నిలబడటం మీరే నేర్పారుగా. ఇన్నాళ్ళూ మీరు నిలబెడితే నిలబడ్డా. ఇవాళ నేనే నిలబడతా."

ఆయన కిటికీల వైపు ఒకసారి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ ఆయన పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు. పాస్టరుగారు మాత్రం మొదటిసారి కాగితాలు వదిలేసి, మెట్లు దిగి ఇటే వస్తున్నారు. పెద్దాయన గేటు మళ్ళీ వేసేశాడు. తాళం పెట్టబోతే గుత్తి జారి కింద పడింది.

నేనిక ఆగదల్చుకోలేదు. "ఇవాళ గోల్ ఆ గేటే," అన్నా. "పెద్దమ్మగారూ, గోల్‌కీపర్‌గా నిలబడతారా? మోకాళ్ళు నొప్పులైతే కుర్చీ తెప్పిస్తా."

"నిలబడటానికి నాకు కుర్చీ ఎందుకమ్మా?" అని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, ఆయనకి వీపు పెట్టి గేటు ముందు నిలబడింది. "ఇంతకీ నేనేం చెయ్యాలి?"

"బంతి ఆపాలి నానమ్మా!" అని అరిచింది గుండుసూది. "కాలు పెట్టి ఆపాలి!"

విజిల్ ఊదాను. "రైట్ రైట్!" అన్నా. పదిహేడు మందీ ఒకే బంతి వెనక పడ్డారు. లారీ తన్నిన మొదటి బంతి గేటుకి తగిలి ధణాలుమంది. గేటు లోపలున్న పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు.