వేసవిలో తాళం వేసిన ఇళ్లు

మంచుకొండల నడుమ ఉన్న నరీన్ పట్టణంలోని పటాల ఆఫీసులో జిపారా చేసే పని వినడానికి చాలా తేలిక. ఇల్లు, వంతెన, గొర్రెల దొడ్డి, మనిషి కట్టింది ఏదైనా సరే, కంప్యూటరు పటంలోకి ఎక్కాలంటే దానికో కోడు అంకె ఉండాలి. ఏ అంకె దేనికి వేయాలో, ఎప్పుడు వేయాలో తేటగా రాసిపెట్టడమే ఆమె ఉద్యోగం. సర్వే వాళ్లు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని కొండలెక్కుతారు.

కాపురమున్న ఇంటికి పదకొండు, పాడుబడిన ఇంటికి పద్నాలుగు. రెంటికీ తేడా ఎలా పోల్చుకోవాలి? ‘సర్వే రోజున మనుషులుంటే పదకొండు, లేకపోతే పద్నాలుగు’ అని రాసేసి ఆమె టీకి లేచింది. నిజానికి ఆమె పుట్టిందే లోయలోని చలికాలపు ఇంట్లో. మంచు కరగ్గానే జనమంతా ఇళ్లకు తాళాలేసి, మందల్ని తోలుకుని పై పచ్చికలకు పోతారనీ, చలి ముదిరేలోగా తిరిగొస్తారనీ ఆమెకు ఒకరు చెప్పాలా? ఊపిరి పీల్చుకోవడమంత మామూలు సంగతి కాబట్టే రాయాలని తోచలేదు. సర్వే వాళ్లు వెళ్లేది మాత్రం దారులు తెరిచుండే వేసవిలోనే.

తోచలేదన్న మాటతో ఆమె తప్పించుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే మెలిస్ ఫోన్ చేశాడు. సర్వేలో తల నెరిసిన మనిషి.

“చెల్లెమ్మా, ఈ లోయలో ఇళ్లన్నిటికీ తాళాలే. పొయ్యిలో బూడిదుంది, గోడవార పిడకలు పేర్చున్నాయి. పద్నాలుగు వేయడానికి చెయ్యాడట్లేదు. ఏం చేయమంటావ్?”

అవతల పెద్దసారు నెత్తిన కూర్చున్నాడు, వారంలో పటం ఇచ్చేయాలని. “పుస్తకంలో ఏముంటే అది వెయ్యన్నా. నీ చేతిని కూడా నేనే ఆడించాలా?” అని నవ్వి పెట్టేసింది.

ఆ చలికాలం మంచు తీసే ట్రాక్టర్లు మొదటిసారి కొత్త పటం ప్రకారం కదిలాయి. పాడుబడిన ఇళ్లకు పోయే దారిని ఎవరు ఊడుస్తారు? లోయలో సపార్ అనే గొర్రెల కాపరి భార్యకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అంబులెన్సు మలుపు దగ్గరే ఆగిపోయింది. గుర్రం మీద కట్టుకుని తీసుకొస్తుంటే ఆమె దారిలోనే పోయింది.

ఆఫీసులో విచారణ పెట్టారు. పెద్దసారు మెలిస్ మీద విరుచుకుపడ్డాడు. “కళ్లు నెత్తికెక్కాయా? కాపురమున్న కొంపకీ పాడుకొంపకీ తేడా తెలీదా?” మెలిస్ ఒక్కసారి జిపారా వైపు చూశాడు. ఆమె కంప్యూటరులో తల దూర్చింది. “పొరపాటైంది సార్,” అన్నాడు మెలిస్. అంతే, ఆ ఫోన్ ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఆమెకు తిండి సయించలేదు. అద్దంలో తన మొహం చూస్తే తనకే అసహ్యమేసేది.

దారి తెరవగానే, తప్పు పడ్డ అంకెలు దిద్దడానికి మెలిస్‌తో పాటు తానూ బయల్దేరింది. సపార్ ఇద్దర్నీ ఇంట్లో కూర్చోబెట్టి, రొట్టె విరిచి ముందు పెట్టి, టీ పోశాడు. ఇంటికొచ్చిన వాళ్లకు రొట్టె పెట్టకపోవడం ఆ మనిషికి చేతకాదు. వచ్చిన పని విన్నాక నోరు మాత్రం ఊరుకోలేదు.

“అయితే మా ఇంటిని పాడుకొంప చేసింది నువ్వేనా, పెద్దమనిషీ? పొయ్యి చూశావా, పిడకలు చూశావా? ఏం చూసి రాశావయ్యా?”

మెలిస్ తల వంచుకున్నాడు. “తప్పే తమ్ముడూ.”

ఇక జిపారా వల్ల కాలేదు. “అన్నీ చూశాడన్నా. చూసి నన్ను అడిగాడు. పద్నాలుగు వెయ్యమన్నది నేను. ఆ పుస్తకం రాసిందీ నేనే. ఆఫీసులో ఈయన్ని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చుందీ నేనే.” తిట్టినా, కొట్టినా పడదామనుకుంది.

సపార్ తిట్టలేదు. ఆమె మొహంలోకి చూసి అడిగాడు. “నువ్వెక్కడి పిల్లవమ్మా?”

“పక్క లోయ. మేమూ గొర్రెలవాళ్లమే.”

“మన పిల్లవేనన్నమాట,” అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు ఆమె అంతవరకూ వినలేదు.

అతను లేచి, రమ్మన్నట్టు చెయ్యూపి, ఇద్దర్నీ ఇంటి వెనక దిబ్బ మీదికి తీసుకెళ్లాడు. అక్కడ మట్టి ఇంకా తడిగా ఉంది. తలవైపు ఇటుకలు పేర్చి ఉన్నాయి.

“సమాధికి అంకె ఉందా మీ పుస్తకంలో?”

“ఉందన్నా.”

“అయితే రాసుకో.” సపార్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “వచ్చే నెల మందతో పైకెళ్లిపోతాను. ఇక్కడ పురుగు కూడా ఉండదు. మీవాళ్లు మళ్లీ వేసవిలోనే వస్తారు గదా. ఎవరూ లేరని దీన్ని కూడా పాడుబడిందని రాయరు కదా తల్లీ?”

జిపారా పుస్తకం తెరిచి, సమాధి అంకె ఉన్న పేజీ తీసింది. జవాబు కోసం సపార్ అలాగే నిలబడి ఉన్నాడు.