తిట్టడానికొచ్చినవాడు

సాయిశంకర్ తీసిన సినిమా శుక్రవారం వచ్చి, సోమవారానికల్లా హాల్లోంచి పోయింది. మంగళవారం ఎవరూ పరామర్శకు వెళ్లరు కనుక, బుధవారం నేనూ యారాడ తాతబాబూ కంచరపాలెంలో వాళ్లింటికి వెళ్లాం. మేమిద్దరమూ సాయిశంకరూ ఒకే కాలేజీలో చదువుకున్నాం.

లోపల నిజంగా చావింటి వాలకమే. సాయిశంకర్ గోడకానుకుని కూర్చున్నాడు. ఆ సినిమాకి కెమెరా పట్టిన వీరేంద్ర కిటికీ దగ్గర, వాడివైపు చూడకుండా. చుట్టూ ఇరుగుపొరుగు. సాయి భార్య దేవిశ్రీ కాఫీ తెస్తానంటే అందరూ చేతులడ్డం పెట్టారు.

"బంగారంలాటి సినిమా బాబూ. అలాటిది మల్లీ రాదు," అంది పక్కింటి సూర్యకాంతమ్మ.

నేనూ అలాంటిదే ఏదో అన్నాను. కాసేపటికి ఒక్కొక్కరూ వెళ్లొస్తామని చెప్పకుండానే లేచి వెళ్లిపోయారు.

"రేపట్నుంచి గాజువాకలో దేవి వాళ్లన్నయ్య టైల్స్ కొట్లో పనికెల్తన్నాను," అన్నాడు సాయిశంకర్. "ఇంక నా దగ్గర సినిమా ఊసెత్తకండి."

తాతబాబు దేవిశ్రీ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ కాఫీ ఏదో నాకియ్యి."

తాగి, గ్లాసు కిందపెట్టి, "బావా, నీ సెకండాఫ్ ఉందే, పరమ సోది," అన్నాడు.

నేను వాడి తొడ గిల్లాను.

"గిల్లకు. పోయినోడ్నయితే పొగుడుదును. ఈడు బతికే ఉన్నాడు కదా! పోర్టులో పనిపోయిందని తండ్రి కూతురి దగ్గర దాస్తాడు. బాగుంది. ఆ పిల్లకి తెలిసిపోయిందని ఇంటర్వెల్‌కే మాకు తెలిసిపోయింది. ఇంక ఆడి అబద్దాలు గంటసేపు ఎందుకు సూడాల? నిద్దరొచ్చింది."

సాయిశంకర్ మొహం నల్లబడింది. "అయితే లేచెల్లిపోవల్సింది."

"క్యారేజీ దగ్గర లేవలేకపోయాను. అన్నీ తెలిసీ ఆ పిల్ల పొద్దున్నే తండ్రికి క్యారేజీ కట్టి సేతికిస్తాది. హాల్లో ఒక్కడు దగ్గలేదు బావా. నువ్వేటి సేసావు? ఎంటనే పాటెట్టావు. నీ నోట్లో మన్నెయ్య!"

"పాటొద్దని నాను సెప్పాను," అన్నాడు వీరేంద్ర కిటికీ దగ్గర్నుంచి. సోమవారం తర్వాత వాడు సాయితో ఆడిన మొదటి మాట అదే. "ఆ తండ్రి తలుపేసుకుని ఎల్లేదాకా షాట్ ఉంచమన్నాను."

"నువ్వెప్పుడు సెప్పావురా? నువ్వడిగింది క్లోజప్పు!"

"రెండూ అడిగాను. నువ్వు వింటేనా?"

సాయిశంకర్ గోడ వదిలి ముందుకు జరిగాడు. గొంతులు లేచాయి. సినిమా తిరిగి రాదు, హాలువాడు మరో పోస్టరు అంటించేశాడు. అది ఇద్దరికీ తెలుసు. అయినా వాదన ఆగలేదు.

"సరే, పాట లేదనుకో. తర్వాత ఆ పిల్ల ఏటి సేత్తాది?" అన్నాడు సాయిశంకర్.

"నాకేటి తెల్సు? రాసేవోడివి నువ్వు," అన్నాడు తాతబాబు.

దేవిశ్రీ ఫోను మోగింది. గాజువాక నుంచి వాళ్లన్నయ్య. ఆమె భర్త వైపు చూసింది. అతను తలుపు ఎక్కడుండాలో, పిల్ల ఎక్కడ నిలబడాలో నేలమీద వేలితో గీసి వీరేంద్రకు చూపిస్తున్నాడు.

"రేపు రాడేమో అన్నయ్యా," అంది గొంతు తగ్గించి. "ఎల్లుండి సంగతి నాకూ తెల్దు."