కోయని గుండెకాయ

కరీంనగర్‌లో జబ్బార్ మటన్ షాపుకు వచ్చే ప్రతి గిరాకీకీ మటన్‌తో పాటు ఒక వార్త కూడా కొసరుగా దొరుకుతుంది. "మా హుస్నా డాక్టరైతది." కిలో కొన్నవాళ్లకూ చెప్తాడు, పావుకిలో కొన్నవాళ్లకూ చెప్తాడు.

పదో తరగతి చదివే హుస్నాకు మాత్రం ఆ మాట వింటే గుబులు. నెత్తురు చూస్తే ఆ పిల్లకు చక్కరొస్తుంది, కళ్లు తిరిగి పడిపోతుంది. మటన్ కొట్టేవాడి బిడ్డకు ఇదేం తిప్పలో! షాపు ముందు నుంచి పోవాల్సి వస్తుందని వెనక గల్లీలోంచి బడికి పోతుంది. డాక్టర్ కావాలని లేదా అంటే, ఉంది, ప్రాణమంత ఉంది. నాయనమ్మ సుగ్రా బేగంకు ఆయాసం వచ్చినప్పుడల్లా నాడి పట్టుకొని లెక్కపెట్టేది ఆమే. అయినా ఏం లాభం? ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటారో ఈ వారమే సైన్సు చెప్పే మంజుల మేడంకు చెప్పాలి. ఎవరికీ తెలియకుండా లెక్కల గ్రూపు అని చెప్పేద్దామని మనసు రాయి చేసుకుంది.

అంతలో మేడం గుండె పాఠం మొదలుపెట్టింది. "రేపు మేక గుండెకాయ కోసి చూద్దాం. ఎవరు తెస్తరు?" అనగానే క్లాసంతా హుస్నా వైపు తిరిగింది. తిరగదా మరి!

ఆ సాయంత్రం హుస్నా షాపుకు ఎదురుగా రోడ్డవతల నిలబడి, మొహం ఆటోల వైపు తిప్పుకొని, "అబ్బా! రేపు మా మేడంకు ఒక గుండెకాయ కావాల్నట!" అని తండ్రికి కేకేసి ఒకటే పరుగు తీసింది.

మర్నాడు మేడం పొట్లం విప్పింది. గుండెకాయ ఉంది. ముద్దకొకటి వచ్చేలా సమానమైన ముక్కలుగా, శుభ్రంగా కడిగి, పైన గుప్పెడు కార్జం కొసరేసి మరీ ఉంది. బిడ్డకు చదువు చెప్పే మేడం కూర వండుకుంటుందనుకొని పాపం ఎంత ప్రేమగా కొట్టాడో!

"మేడం, గీంట్ల కర్ణిక ఏది, జఠరిక ఏది?" అన్నాడు సంపత్. క్లాసు పగలబడి నవ్వింది. మేడం కూడా నవ్వాపుకోలేకపోయింది. హుస్నాకు తల కొట్టేసినట్టయింది.

"మీ నాయిన తప్పేం లేదమ్మా, నువ్వే సరిగ చెప్పలే. రేపు దగ్గరుండి తీసుకరా" అంది మేడం.

ఇక తప్పలేదు. తెల్లారి షాపు మెట్టెక్కింది. బిడ్డ షాపుకొచ్చిందని జబ్బార్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. గొట్టాలతో సహా నిండు గుండెకాయ తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. హుస్నాకు కళ్లు బైర్లు కమ్మాయి.

కళ్లు తెరిచేసరికి స్టూలు మీద ఉంది. మొహం మీద నీళ్లు. తండ్రి మొహంలో చుక్క నెత్తురు లేదు. "ఏమైంది బేటా?"

"నెత్తురు చూస్తే నాకు చక్కరొస్తది అబ్బా. నేనెట్ల డాక్టరైత? నువ్వు అందరికీ చెప్పుకుంటున్నవ్..." ఏడుపు తన్నుకొచ్చింది.

జబ్బార్ గిరాకీలను ఆగమని, బిడ్డ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "గింత దానికి పరేషానైతున్నవా? పని నేర్చుకున్న మొదటి ఏడు నాకు మూడుసార్లు చక్కరొచ్చింది. పని నేర్పిన ఉస్తాద్ ఏమన్నడో ఎరుకేనా? చక్కరొస్తే కూసో. తగ్గినంక లెవ్వు. పని ఆడ్నే ఉంటది, యాడికి పోదు."

తర్వాత గుండెకాయను కడిగి, పెద్ద గొట్టంలోకి చెంబుతో నీళ్లు పోశాడు. నీళ్లు లోపలికి జారకుండా గొట్టంలోనే నిలబడ్డాయి. "చూడు. గిది బయటికి పోయే తొవ్వ. ఈడికెల్లి మళ్ల లోపటికి పోనియ్యదు. సన్నటి తలుపులున్నయ్. ఇరవై ఏండ్ల సంది కడుగుతున్న, రోజూ చూస్తున్న. నీ పుస్తకంల ఉందా గిది?"

ఉంది. బొమ్మ గీసి, రంగులేసి, పది మార్కులకు బట్టీ కొట్టింది. ఇంత అందంగా ఉంటుందని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. హుస్నా ఇంకాస్త దగ్గరికి వంగింది. దాన్ని ఎప్పుడు చేతుల్లోకి తీసుకుందో ఆమెకే తెలియదు.

బడిలో ఆ నీళ్ల వింత హుస్నాయే చేసి చూపించింది. మేడం కత్తి పెట్టగానే లోపల గడ్డకట్టిన నల్లటి నెత్తురు బయటపడింది. దబ్బుమని చప్పుడైంది. సంపత్! నిన్న అందరికంటే గట్టిగా నవ్విన మొనగాడు బెంచీకి ఆనుకొని జారిపోయాడు. హుస్నా గబగబా వెళ్లి వాణ్ని సరిగా కూర్చోబెట్టి, మొహం మీద నీళ్లు చల్లి, నాడి పట్టుకుంది.

"ఏంగాదు, కూసో. తగ్గినంక లెవ్వు. గుండెకాయ ఆడ్నే ఉంటది, యాడికి పోదు."

నిజానికి ఆమెకూ తల తిరుగుతూనే ఉంది. వాడి పక్కనే కాసేపు కూర్చుంది. వాడికంటే ముందు లేచి బల్ల దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం వెనక గల్లీలోంచి కాదు, షాపు ముందు నుంచే వచ్చింది.

"చక్కరొచ్చిందా?" అన్నాడు జబ్బార్ భయంభయంగా.

"వచ్చింది. కూసున్న. మళ్ల లేసిన. మేడంకు బైపీసీ అని చెప్పొచ్చిన."

జబ్బార్ కత్తి పక్కన పెట్టాడు. పావుకిలో కోసం నిలబడ్డ రాజయ్య వైపు తిరిగి, "రాజయ్య బాపూ, మా హుస్నా..." అని మొదలుపెట్టాడు. వెయ్యిసార్లు చెప్పిన మాట ఇప్పుడు నోటికి రాలేదు.

"డాక్టరైత" అంది హుస్నా.