మడత పెట్టని కాగితం

దర్జీకి బొమ్మలు గీయడం నేర్చుకోవాలన్న బుద్ధి నలభై దాటాక పుట్టింది. ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళ చొక్కాలన్నీ ఆమె దగ్గరికే రావాలి కదా! ప్రతి ఆదివారం డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్ళేది. కూజా గీస్తే పొట్ట ఒకపక్కకి జారేది. కుర్చీ గీస్తే కూర్చోవడానికి గుండెధైర్యం కావాల్సి వచ్చేది. అయినా పట్టు వదల్లేదు.

ఇదంతా అక్క కోసం. జబ్బుచేసి అక్క మొహంలో ఎడమ సగం వాలిపోయింది. పెదవి కిందికి లాగేసింది, కన్ను సరిగా మూతపడదు. మాటకు లోటు లేదు గానీ అప్పటినుంచి గడప దాటలేదు. ఇంట్లో కూడా నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకునే తిరుగుతోంది. పదిమందినీ పొట్టచెక్కలయ్యేలా నవ్వించే మనిషి అలా మూల కూర్చుంటే చెల్లెలికి కుట్టు మీద ధ్యాస నిలిచేది కాదు. తన మొహం బొమ్మలో చక్కగా కనిపిస్తే అక్క మళ్ళీ నలుగురిలోకి వస్తుందని ఆమె ఆశ.

మొహం గీయడమంటే మాటలా? ఒక కన్ను కుదిరితే రెండోది పక్కింటికి పోయేది. రబ్బరు అరిగింది, కాగితం చిరిగింది. అప్పుడు తట్టింది ఉపాయం. చొక్కా వీపు కత్తిరించేటప్పుడు బట్టను మధ్యకు మడిచి సగమే గీస్తుంది కదా! మెత్తటి పెన్సిలుతో అక్క కుడి సగం గీసి, కాగితం మడిచి, గీతలు రెండో సగం మీద అచ్చుపడేలా వెనకనుంచి చెంచాతో గట్టిగా రుద్దింది. విప్పి చూస్తే నిండు మొహం, రెండు పక్కలా సమానంగా. పొంగిపోతూ పట్టుకెళ్ళి చూపించింది.

"ఎవరే ఈవిడ?" అంది అక్క.

"నువ్వే అక్కా!"

అక్క బొమ్మను చేతిలోకి తీసుకుంది. "బిగుతు చొక్కా వదులు చేసినట్టు నా మొహం కూడా సరిచేసేశావన్నమాట. నువ్వు కూడా నన్ను చూడలేకపోతున్నావు కదే!"

చెల్లెలు బొమ్మ వెనక్కి తీసుకుంది. గీస్తున్నంతసేపూ ఆ ఎడమ సగం వైపు తను ఒక్కసారీ చూడలేదు. భయమేసింది, అందుకే చూడలేదు.

ఆదివారం మాస్టారు ఆ బొమ్మ చూసి, "కుట్టు బాగుందమ్మా, మనిషే లేదు. ఎవరి మొహమైనా రెండు పక్కలా ఒకేలా ఉండదు. చెయ్యి సంగతి తరవాత, ముందు కళ్ళారా చూడు" అన్నారు.

ఇంటికి వచ్చి కొత్త కాగితంతో అక్క ఎదురుగా కూర్చుంది.

"రుమాలు తియ్యి అక్కా."

"మళ్ళీ కుట్లు వేస్తావా?"

"వెయ్యను. ఒట్టు."

అక్క అయిష్టంగానే తీసింది. చెల్లెలు చూసింది. వాలిన పెదవి పక్కన కొత్త ముడత, తడిదేరిన కన్ను. ఆ కంట్లో మాత్రం పాత కొంటెతనం చెక్కుచెదరలేదు. గీస్తుంటే ఏడుపొచ్చింది, చేత్తో తుడుచుకుంటూనే గీసింది. బొమ్మ తిప్పి చూపించింది.

"చెవులేమిటే, చేటల్లా ఉన్నాయి! ఆ మెడేమిటి, స్తంభమా?" అంది అక్క. వేలితో బొమ్మలోని పెదవిని తడిమింది. "కానీ నేనే. అచ్చం నేనే."

ఉన్నట్టుండి పకపకా నవ్వింది. నోరంతా ఒకపక్కకే పోయింది. రుమాలు ఒళ్ళోనే ఉంది.

"చూస్తావేమే, ఈ నవ్వు కూడా గియ్యి" అంది నవ్వుతూనే.