పదిహేడో గడి

ఒక నాగరికత ఔన్నత్యాన్ని దాని ఆలయాలను బట్టి కాక, బీమా ఒప్పందంలో అది ఖాళీగా వదిలిన గడులను బట్టి నిర్ణయించాలని ఒత్తొరీనో బ్రెస్సాన్ సిద్ధాంతం. రొవీగో పట్టణంలో ముప్ఫై నాలుగేళ్లు లాటిన్ బోధించి విరమించిన ఆ పండితుడు ఏటా జనవరిలో కారు బీమా కార్యాలయానికి వేంచేసేవాడు. ప్రమాదం కోర్టుకెక్కితే లాయరు ఖర్చు భరించే న్యాయ సహాయపు గడిని కలం మొనతో చూపి, "మర్యాదస్తుడికి లాయరెందుకమ్మా?" అని ఏజెంటుకు సెలవిచ్చి, ఆ గడి ఖాళీగా వదిలి, సామ్రాజ్యాన్ని త్యజించినవాడిలా బయటికి నడిచేవాడు.

ఈ మార్చిలో ఆయన భార్య ఇనెస్ నడుపుతున్న కారు కూడలిలో ఒకావిడ నడుపుతున్న రొట్టెల వ్యాన్‌బండిని గుద్దుకుంది. రివాజు ప్రకారం ఇద్దరు ఆడవాళ్లూ బానెట్టు మీద, ప్రమాదంలో ఎవరి తప్పెంతో బీమా కంపెనీకి తెలిపే నీలం ఫారం పరిచి, సామరస్యంగా నింపి, సంతకాలు చేశారు. 'ఆగవలసిన చోట ఆగలేదు' అన్న పదిహేడో గడిలో ఇనెస్ తన వైపే టిక్కు పెట్టుకుంది. తలకు తగిలిన దెబ్బ చిన్నదే అనుకున్నారు. పదకొండో రోజున ఆమె పోయింది. ఆమె చేతి నుంచి లోకానికి మిగిలిన చివరి రాత ఆ టిక్కే.

అది అబద్ధమని ఒత్తొరీనో నమ్మకం. రొట్టెల బండి ఆవిడ ఏడ్చి ఉంటుంది. ఇనెస్ కరిగిపోయి నేరం నెత్తిన వేసుకుని ఉంటుంది. ఎదుటివాళ్లు కంటతడి పెడితే తన వంట బాగా లేదని కూడా ఒప్పుకునే మనిషి. ఆమె పేరు మీది మచ్చ తుడవడం తప్ప ఆయనకిక వేరే పని మిగల్లేదు.

"కోర్టుకెక్కుతాను. ఇల్లమ్మయినా సరే, లాయర్ని పెడతాను," అన్నాడు బీమా కార్యాలయంలో.

"ఇల్లుంచుకోండి మాస్టారూ. మీకు లాయరు కవరుంది," అంది ఏజెంటు దెల్ఫీనా, ఒకప్పటి ఆయన శిష్యురాలు.

"ఏటా వద్దన్నానుగా!"

"అన్నారు, ఉపన్యాసంతో సహా. నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసినప్పుడు కూడా అంతసేపు మాట్లాడలేదు. మీరటు వెళ్లగానే అమ్మగారు ఇటొచ్చి పెట్టించుకునేవారు. మూడేళ్లుగా. 'ఆయనకి చెప్పకే తల్లీ, వారం రోజులు అన్నం ముట్టరు' అనేవారు."

"ఇనెస్‌కి లాయరెందుకు అవసరమైంది?"

దెల్ఫీనా తల దించుకుని కాగితాలు సర్దింది. "నేనడగలేదండీ. అసలు పత్రం కారులోనే పెట్టుకున్నారు. అది తెస్తే లాయరు రేపే మొదలెడతాడు."

విజయయాత్రకు కదిలిన రోమన్ సేనానిలా ఒత్తొరీనో, ప్రమాదం తర్వాత కారుని పడేసిన పాత కార్ల దొడ్డికి వెళ్లాడు. నుజ్జయిన కారులో ఇనెస్ కూర్చుని నడిపిన సీటు వైపు చూడకుండా, ముందున్న కాగితాల అర తెరిచాడు. పత్రం ఉంది. దాని కింద మూడేళ్ల నాటి కంటి డాక్టరు చీటీ: 'బండి నడిపేటప్పుడు తప్పనిసరి.' దాని కింద కళ్లజోడు పెట్టె.

మూడేళ్ల కిందట, అతిథులు కూర్చున్న భోజనాల బల్ల దగ్గర ఆమె ఆ జోడు ఒక్కసారి పెట్టుకుంది. "చూశారా, మా ఇంటికి గుడ్లగూబ వేంచేసింది!" అన్నాడాయన. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా ఇనెస్సే నవ్వింది.

పదిహేడో గడి నిజమే చెప్పింది.

ఆయన పెట్టె తెరిచాడు. అద్దం మూల దుకాణంవాళ్లు అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు.