మూడో చిల్లు

ఆ మ్యూజియంలో అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవారు. తవ్వకాల్లో దొరికిన కుండలనూ పెంకులనూ సిరా చుక్కలతో కాగితం మీదికి దించడం ఆమె పని. నీడ కావాలంటే చుక్కలు దగ్గరగా, వెలుగు కావాలంటే ఎడంగా, ఒక్కో కుండకు మూడు వేలో నాలుగు వేలో. ఏదో గీసి చేతులు దులుపుకునే రకం కాదు. కాలిపర్‌తో అంచు మందం కొలిచి, దువ్వెనలాంటి సూదుల పరికరాన్ని కుండ పొట్టకు ఆనించి వంపు పట్టుకుని, ఆ తర్వాతే కలం ముట్టుకునేది. "చుక్కలమ్మ చుక్క పెట్టిందంటే అది కుండ మీద ఉన్నట్టే" అని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. వచ్చే నెల రిటైరవబోయే మనిషికి అంతకన్నా మిగిలేదేముంది?

అయితే ఆ వేల చుక్కల్లో ఒక్కటి మాత్రం ఆమెది కాదు. అది ఈగది.

ఇరవై రెండేళ్ళ కిందట పదిహేడో నంబరు కుండ బొమ్మను ఆరబెట్టి ఆమె టీకి వెళ్ళింది. ఆ కుండ మెడ కింద రెండు చిల్లులున్నాయి. తిరిగొచ్చేసరికి ఓ ఈగ సరిగ్గా అదే వరసలో, కొలిచి మరీ పెట్టినట్టు, మూడోది పెట్టి పోయింది. చుక్కలమ్మ కంటికి అది ఆనలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక భూతద్దంలో చూసుకుంటే గుండె జారిపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే, అప్పట్లో కుర్ర పరిశోధకుడైన ఇప్పటి డైరెక్టరు గారు ఆ బొమ్మ మీద నూట ఎనభై పేజీలు రాసిపారేశారు. పెద్ద చిల్లులు రెండూ తాడు కోసమట, చిన్నది ఆవిరి పోవడానికట. ఈగ పుణ్యమా అని ఆయనకు డాక్టరేటు వచ్చింది. చుక్కలమ్మ ఇక నోరు కుట్టేసుకుంది.

ఇన్నాళ్ళకు ముప్పు సొంత మేనకోడలి రూపంలో వచ్చింది. పాత వస్తువులన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ పిల్ల ఉద్యోగం. అదీ చుక్కలమ్మే దగ్గరుండి ఇప్పించింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

"అత్తా, ఇవాళ పదహారూ పదిహేడూ చేసేస్తా" అంది పిల్ల.

"పదిహేడుకి తొందరేం వచ్చిందే? ముందు నలభైలు చెయ్యి. అవి మర్యాదగల కుండలు."

మర్నాడు పదిహేడో పెట్టె అలమారలో లేదు. చుక్కలమ్మ బల్ల కింద, ఆమె కాళ్ళకు పీటగా ఉంది. ఆ మర్నాడు స్కానరు వైరు మాయమైంది. అది చుక్కలమ్మ చేతిసంచిలో హాయిగా నిద్రపోతోంది. మూడో రోజు ఆమెకే నడుం పట్టేసి, పిల్ల చేత రోజంతా సేవలు చేయించుకుని, ఐదు కాగానే వదిలేసింది.

"నీ నడుముకి ఆఫీసు టైములు భలే తెలుసే అత్తా!" అంది పిల్ల.

నాలుగో రోజు పన్ను పీకించుకోక తప్పలేదు. చుక్కలమ్మ దవడ పట్టుకుని తిరిగొచ్చేసరికి పిల్ల ఎక్కణ్ణుంచో కొత్త వైరు తెచ్చుకుంది; బల్ల కింద దొరికిన పదిహేడో కుండ తిరుగుడు బల్ల మీద గిరగిరా తిరుగుతోంది. పక్కనే తెర మీద దాని బొమ్మ, మెడ కింద నున్నగా మూడు చిల్లులు.

"మూడోది ఎక్కడిదే?" మొద్దుబారిన నోటితోనే అడిగింది.

"నేనే పెట్టాను. ఈ మెషీన్‌కో జబ్బుంది అత్తా, చిన్న చిల్లు కనిపిస్తే తప్పనుకుని అదే పూడ్చేస్తుంది. నీ బొమ్మ చూసి సరిచేశా."

"మరి కుండ మీద చూశావా?"

"చూశా, కనపళ్ళేదు. మట్టి పూడుకుపోయుంటుంది. నువ్వు గీశాక లేకపోవడమేంటి?"

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది చుక్కలమ్మకు. ఇరవై రెండేళ్ళ అబద్ధానికి కంప్యూటరే సాక్ష్యం! ఇక దర్జాగా రిటైరైపోవచ్చు. పీకిన పన్ను నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

ఇంతలో పిల్ల డ్రాయరు లాగి సన్నని ఉక్కు సూది తీసింది. "ఆ మట్టి కాస్త పొడిచేస్తే సరి. డైరెక్టరు గారికి చూపించాలిగా." గుప్పిట్లో ఇమిడే ఆ కుండను ఎడమచేత్తో పట్టుకుని, లేని చిల్లు మీద సూదిమొన ఆనించింది.

"ఆగవే!"

చుక్కలమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆ చెయ్యి పట్టేసుకుంది. వేల ఏళ్ళు మట్టి కింద పగలకుండా ఉన్న కుండకు, తన పేరు నిలవడం కోసం ఇప్పుడు చిల్లు పడాలా? సిగ్గుతో చచ్చిపోయింది. ఈ పిల్ల తన కళ్ళను కాదని అత్త బొమ్మను నమ్మిందే, అది ఇంకా గట్టిగా గుచ్చుకుంది.

"అక్కడ మట్టీ లేదు, చిల్లూ లేదు" అంది. "నా బొమ్మ మీద ఈగ దొడ్డికి కూర్చుంది. అంతే."

పిల్ల తెల్లబోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. చుక్కలమ్మకూ నవ్వొచ్చింది. "మరి డైరెక్టరు గారి డాక్టరేటో?" అని పిల్ల అనేసరికి ఇద్దరి నవ్వూ టక్కున ఆగిపోయింది.

కుండ పెట్టె పిల్ల చేతికిచ్చి, చుక్కలమ్మ డైరెక్టరు గదిలోకి ముందు నడిచింది. ఈగతో మొదలుపెట్టి నడుంనొప్పి దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన ముఖం కందగడ్డయింది.

"ఇరవై రెండేళ్ళు! ఒక్కసారైనా చెప్పొద్దుటండీ?"

"భయమేసింది సార్. తప్పు నాదే, ఆ మాట ఈ స్కాన్లతో వేసే కొత్త పుస్తకంలో నా పేరుతోనే వెయ్యండి." చుక్కలమ్మ తల దించుకుంది. "కుండ చూడగానే మీరే పట్టేసుకుంటారని ఇన్నేళ్ళూ వణుకుతూ కూర్చున్నాను."

డైరెక్టరు గారి చూపు పెట్టె మీదికి పోయింది. పిల్ల పెట్టె మూత తీసి, పదిహేడో నంబరు కుండను ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇంత చిన్నదా?" అన్నారు.