తోక కోసిన వార్త

ఆదోనిలో అచ్చయ్యే 'పడమటి కేక' వారపత్రిక పుట్టి అప్పటికి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో అది బతికున్న ముగ్గురిని చంపింది. మాధవరం దగ్గర తుంగభద్ర ఒడ్లు ఒరుసుకుని పారుతుంటే నీటి చుక్క లేదని రాసింది. ఒక్కసారైనా తప్పయిందని ఒప్పుకున్న పాపాన పోలేదు. "తప్పు ఒప్పుకున్న పత్రికను పొట్లాలు కట్టడానికి కూడా ఎవరూ కొనరు" అనేవాడు సంపాదకుడు గోవిందన్న. జాగా చాలకపోతే వార్తను చదవకుండానే కింది నుంచి కోసేసేవాడు. సిగ్గూ శరమూ లేని మనిషి, అయినా ఆదోనిలో ఏ సభ జరిగినా మెళ్ళో దండ పడాల్సిందే.

ఎమ్మిగనూరులో ఆ పత్రికకు విలేకరి దుర్గప్ప. బస్టాండు ఎదురుగా టీ హోటలు అతనిది. బస్సు దిగినవాళ్ళు చెప్పిందే వార్త. గురువారం రెండు గంటల బస్సు కండక్టరు చేతిలో కవరు పెడితే ఆ వారం పని అయిపోయినట్టే. జీతం లేదు, భత్యం లేదు. విలేకరి దుర్గప్ప అని నలుగురు పిలిస్తే చాలు, కడుపు నిండిపోయేది.

1984 ఎండాకాలంలో ఒక వారం చెప్పుకోదగ్గ చావు ఒక్కటీ దొరకలేదు. వీరమ్మ కాన్పు కబురే దిక్కయింది. వీరమ్మకు అంతకుముందు ముగ్గురు పుట్టి పోయారు. అట్లాంటి ఇంట్లో బిడ్డ పుడితే తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద, పడుకోబెడతారు. పరాయి మనిషి ఎత్తుకుపోయి, మూడో రోజు తెచ్చి తల్లికిస్తుంది. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని చావు కూడా పక్కకు తప్పుకుంటుందని నమ్మకం. ఆ పక్క తిప్పన్నలూ తిప్పమ్మలూ అందరూ అట్లా దక్కినవాళ్ళే. వీరమ్మ బిడ్డను ఎత్తుకుపోయింది మంత్రసాని బడేబీ. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో భూమ్మీద పడినవాళ్ళే. దుర్గప్ప అంతా వివరంగానే రాశాడు. ఆచారం సంగతి మాత్రం చివర్లో రాశాడు, అదే కొంప ముంచింది.

శనివారం పొద్దున పత్రికల కట్ట దిగింది. 'ఎమ్మిగనూరులో పిల్లల దొంగ' అని మొదటి పేజీలోనే పడింది. ఆ యేడు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఊరూరా పుకారు. దుర్గప్ప హోటలు తలవాకిట్లో నిలబడి గొంతెత్తి చదివాడు. బడేబీ బిడ్డను గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయిందన్న చోట వార్త ఆగిపోయింది. మిగతాది లేదు. తిప్ప సంగతి తానే చెబుదామని తలెత్తాడు. కానీ బస్సు కోసం ఆగిన ముప్పై మంది నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. అంతమంది అతని మాట ఎన్నడూ విన్నది లేదు.

"భలే పట్టినావప్పా దొంగను!" అన్నారెవరో. దుర్గప్ప నోటి దాకా వచ్చిన మాటను మింగేశాడు.

అప్పుడే బడేబీ ఆ దారిన వచ్చింది. మూడో రోజు కదా, బిడ్డను తల్లికి అప్పజెప్పడానికి పోతోంది.

"ఇదే ఆ ముసల్ది! సూడండి, బిడ్డ సంకలోనే ఉండాది!"

బిడ్డను లాక్కున్నారు. మొదట చెప్పులు లేచాయి, తర్వాత కట్టెలు. బడేబీ కింద పడి హోటలు వైపు చెయ్యి చాపింది.

"దుర్గప్పా, నువ్వన్నా సెప్పు నాయనా! ఇది వీరమ్మ బిడ్డని నీకు తెల్దా?"

తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాటంటే తన వార్త అబద్ధమైపోతుంది, రేపటి నుంచి వట్టి టీకొట్టు దుర్గప్ప అయిపోతాడు. పిరికి సన్నాసి, గ్లాసులు కడగడానికి వంగాడు. ఎవడో ఆ చాచిన చేతి మీద కట్టె దించాడు. ఎముక విరిగిన చప్పుడు దుర్గప్పకు వినబడింది.

పచ్చి బాలింత వీరమ్మ పరిగెత్తుకొచ్చి, "అది నా బిడ్డరా, నేనే ఇచ్చినానురా!" అని గుండెలు బాదుకున్నాక జనం మెల్లగా జారుకున్నారు. ఇద్దరు మాత్రం టీ తాగి పోయారు.

గురువారం మధ్యాహ్నం బడేబీ మొగుడు పీరా సాబ్ వచ్చాడు. దూది ఏకి బతికే మనిషి, మొగుడూ పెళ్ళాలిద్దరికీ అక్షరం ముక్క రాదు.

"ఆ యమ్మి చెయ్యి ఇంగ కాన్పులకు పనికి రాదంట దుర్గప్పా. అది పోనీలే. దొంగ కాదని నీ పేపర్లో ఒక్క మాట రాయి. ఈదిలో తలెత్తుకోలేకుండాము. గ్లాసుల సప్పుడులో తన మాట నీకు ఇనపడల్యాదని బడేబీ అంటాంది."

దుర్గప్ప జేబులో కవరుంది. అందులో గోవిందన్న మరీ మరీ అడిగి తెప్పించుకుంటున్న వార్త ఉంది: 'పిల్లల దొంగకు ప్రజల దేహశుద్ధి'. కండక్టరు బల్ల దగ్గర టీ ఊదుకుంటున్నాడు.

"రాసినాను పీరా సాబ్. ఇదో," అని కవరు తీసి చూపించి, కండక్టరు చేతిలో పెట్టాడు.

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుర్గప్ప చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆదివారం మళ్ళీ వచ్చాడు.

"పేపరు కొని మా తలుపుకు అంటించినామప్పా. బడేబీని మంచం మీంచి లేపి సూపించినాను. శానా సంతోషపడింది. దావన పోయేటోళ్ళంతా నిలబడి సదువుతాండారు. ఒగడు మాత్రం సదివి, మా గడప మీద ఉమ్మేసి పోయినాడు. వానికి సదువు సరిగ్గా రాదేమో గదా దుర్గప్పా?"